వేపకట్టెతో వ్యాన్‌ను కొలిచినవాడు

మీ ఇంట్లో కొలతకట్టె ఏదైనా ఉంటే ముందు దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద టీ కాచుకుని, అప్పుడు ఇది చదవండి. నేను ఆ పని చేయలేదు. అందుకే జానెడు మీద నాలుగు వేళ్ళున్న ఒక వేపకట్టెతో మా చెల్లెలి వ్యాపారాన్ని సగం ముంచి, కర్నూలులో ఒక పెద్దమనిషి పరువు తీసి, చివరికి ఆ పరువు తిరిగి ఇవ్వబోయి ఇంకోసారి తీశాను. ఒకే కట్టెతో ఇన్ని పనులు చేసినవాడు మా కడప జిల్లాలో ఇంకొకడు లేడని నా నమ్మకం. ఉంటే పంపించండి, ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడుస్తాం.

నా పేరు దాసు. నాకు జమ్మలమడుగు దగ్గర రోడ్డు పక్కన చిన్న బండల యార్డు ఉంది. నాపరాళ్ళు కోసి, పాలిష్ పట్టి, ఇళ్ళకు తోలుతాం. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు అంగుళాల లెక్క పెట్టుకోరు. గూటికో గడపకో ఎంత బండ కావాలో అంత పొడవు కట్టె నరికి, చివర్లు చెక్కి, బస్సులో చంకన పెట్టుకుని వస్తారు. "ఈ కట్టెకు తగిన బండ ఈయప్పా" అంటారు. మేము కట్టెను రాయి మీద పెట్టి గీత గీసి కోస్తాం. ఇంటికి తీసుకుపోయి పెడితే సరిగ్గా కూర్చుంటుంది. మా నాయన కాలం నుంచి యార్డులో ఒకటే చట్టం. మనిషి అబద్ధమాడతాడు, టేపు సాగుతుంది, కట్టె మాత్రం నిజం చెబుతుంది. ఈ చట్టం ఆయన బండల కోసం చేశాడు. నేను దాన్ని వ్యాన్లకు కూడా వర్తింపజేశాను.

మా చెల్లెలి పేరు సువార్త. అప్పట్లో జమ్మలమడుగు బస్టాండు దగ్గర తోపుడుబండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మేది. ఉగ్గాని మా వైపు ప్రతి ఇంట్లోనూ చేస్తారు, బొరుగులు నానబెట్టి తిరగమోత పెట్టడమే కదా అంటారు. కానీ ఆమె చేతి ఉగ్గాని తిన్నవాడు రెండో ప్లేటు అడక్కుండా బస్సెక్కడం నేను చూడలేదు. చిక్కల్లా ఎండతోనే. తోపుడుబండి మీద ఒక గోనెపట్టా తప్ప నీడ లేదు. ముందు పొయ్యి, వెనక సూర్యుడు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆమె కళ్ళు తిరిగి బజ్జీల బాండలి పక్కనే పడిపోయింది. ఇంకొంచెం ఇటు పడి ఉంటే నూనెలో చెయ్యి పడేది.

మా బావ ఏసోబు తాపీపని చేస్తాడు, నెమ్మదస్తుడు. ఆయన ఆసుపత్రిలోనే "ఇంగ చాలు, మానెయ్యి" అన్నాడు. సువార్త మంచం మీద నుంచే జవాబిచ్చింది.

"మానను. నీడుండే బండి కొనుక్కుంటా. గండికోట కాడ పెట్టుకుంటా. ఆడికి శానామంది వస్తాండారు, వేడిగా తినేకి ఏమీ దొరకడంల్యా."

చీటీ ఎత్తింది. కమ్మలు అమ్మింది. అంతా కలిపి ఒక పాత వ్యాన్‌కు సరిపోయేంత చేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నాకు బండ్ల సంగతి తెలీదు. నువ్వే చూసి కొనియ్యి."

ఆ ఒక్క మాటతో నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. నాకూ బండ్ల సంగతి తెలియదన్న ముక్క ఆ పొంగులో ఎటో కొట్టుకుపోయింది. తెలియకపోతే ఏం, చేతిలో ఫోను ఉంది కదా. పాత వ్యాన్ కొనేవాళ్ళు ఎట్లా మోసపోతారో ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి మోసం జరగని వ్యాన్ ఈ దేశంలో ఒక్కటి కూడా లేదన్న నిర్ణయానికి వచ్చాను.

వాటిలో ఒక వీడియో నా బుర్రలో జిగటలా అంటుకుంది. చక్రాల పైన బండి బరువును మోసే ఇనుప పట్టీలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి. వాటిని మేము కమాను పట్టీలు అంటాం. టౌనుల్లో కుర్రవాళ్ళు షోకు కోసం ఆ పట్టీలు కొన్ని తీసేసి బండిని కిందికి దించుతారట. చూడటానికి నేలకు అతుక్కుని దర్జాగా ఉంటుందట. తర్వాత గుంతల రోడ్డు మీద పోతే పొట్ట గీసుకుంటుంది. అలాంటిది కొన్నవాడి గతి అంతే. "దించిన బండిని పట్టుకోవడం సులభం. టైరుకూ పైన రేకుకూ మధ్య ఖాళీ చూడండి. ఖాళీ తక్కువుంటే దించినట్టే" అన్నాడు వీడియోలో మనిషి.

ఎంతకన్నా తక్కువ? ఆ సంగతి అతను చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సిన పని నాకేముంది, నా యార్డులోనే ఒక వ్యాన్ ఉంటే? ఇన్నేళ్ళుగా బండలు మోస్తున్న వ్యాన్, ఏ రోజూ పొట్ట గీసుకోనిది. నేరుగా పోయి, ఒక వేపకొమ్మ విరిచి, దాని టైరు మీద నిలబెట్టి, పైరేకుకు ఆనే చోట కత్తితో నరికాను. చివర్లు చెక్కాను. ఆముదం కూడా రాశాను. సరైన వ్యాన్ ఎంత ఎత్తుండాలో ఇప్పుడు నా చేతిలో ఉంది.

మీకేమైనా అనుమానం వచ్చిందా? వస్తే అక్కడే పెట్టుకోండి. నాకు రాలేదు.

కర్నూలు పాతబస్తీలో ఒక పెద్దాయన వ్యాన్ అమ్ముతున్నాడని తెలిసి, నేనూ సువార్తా పొద్దున బస్సెక్కి పోయాం. దారిపొడుగునా కట్టెను గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కసీటు ఆయన ఫ్లూటా అని అడిగాడు.

వ్యాన్ ఆసామి పేరు హుసేన్ సాబు. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా. చాలా ఏళ్ళు బడిపిల్లల్ని తోలాడు. చూపు మందగించిందని ఈమధ్యనే మానేశాడు. వెనక అద్దానికి పిల్లలు అంటించిన పూలబొమ్మలు, పులిబొమ్మలు అట్లాగే ఉన్నాయి. బండిని ఇత్తడి చెంబులా తోమిపెట్టాడు గానీ ఆ బొమ్మలు మాత్రం పీకలేదు.

"రాండి, రాండి. ఎండలో వచ్చినారు. మొదలు చాయ్ తాగండి. బండి యాడికీ పోదు" అన్నాడు.

"చాయ్ తర్వాత సాబూ. మొదలు బండి చూద్దాం" అన్నాను నేను, గుడ్డ విప్పుతూ.

సువార్త వ్యాన్ ఎక్కి ఒకసారి లోపల నిలబడి చూసి దిగింది. ఆయన భార్య జైబున్ బీ గడపలో నుంచి చూసి ఆమెను లోపలికి పిలుచుకుపోయింది. ఇద్దరూ బొరుగులు ఎంతసేపు నానాలన్న విషయంలో పడ్డారని కిటికీలో నుంచి వినిపిస్తున్న మాటలను బట్టి తెలిసింది. ఇటు వీధిలో నేను వంగి ముందు చక్రం మీద కట్టె నిలబెట్టాను. నిలబడితే కదా. టైరుకూ రేకుకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. కట్టె పట్టక ఏటవాలుగా బయటికి పొడుచుకొచ్చింది.

మిగతా చక్రాలు కూడా చూశాను. నాలుగూ ఒకటే మాట.

"సాబూ, ఈడ నేల ఎగుడుదిగుడుగా ఉండాది. బండిని రోంత ముందుకు తీయండి."

ఆయన మారుమాట్లాడకుండా సిమెంటు రోడ్డు మీదికి తీశాడు. కట్టె పట్టలేదు.

"గాలి తక్కువుందేమో."

ఆయన వీధి చివరికి పోయి గాలి కొట్టించుకుని వచ్చాడు. కట్టె పట్టలేదు.

"లోపల బరువేమన్నా ఉందా?"

వెనక ఉన్న ఒక గోనెసంచినీ, నీళ్ళ క్యానునూ ఆయనే దించి అరుగు మీద పెట్టాడు. అప్పటికి ఎదురింటామె వాకిట్లోకి వచ్చింది. కిరాణా అంగడాయన తక్కెడ వదిలేసి నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు ఆగారు. జనం కనబడేసరికి నాకు గొంతు లేచింది. మనలో మాట, జనం లేకపోతే నేను అంత తెలివి చూపించి ఉండను.

"సాబూ, ఈ బండిని దించినారు."

"దించేదంటే ఏందప్పా?"

"కమాను పట్టీలు తీసేసి కిందికి కూర్చోబెట్టినారు. షోకుకు చేస్తారంట."

"నాకీ వయసులో షోకేంది బేటా" అని ఆయన నవ్వాడు. "కొన్నప్పటి నుంచి ఎట్లుందో అట్లనే ఉండాది. నేను తప్ప ఎవరూ తోలలేదు."

అక్కడ ఆగి ఉంటే ఇంత కథ లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడట ఒకడు. నేను పట్టిన వ్యాన్‌కు అసలు కాళ్ళే లేవని తేల్చాను.

"కట్టె అబద్ధం చెప్పదు సాబూ. మీకు తెలీకుండా కాదు, తెలిసే దాచినారు. పిల్లోళ్ళను కూర్చోబెట్టే బండికి ఇట్లాంటి పని చేస్తారా ఎవరన్నా?"

ఆ చివరి మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు. నోటికొచ్చింది, అన్నాను. ఆయన ముఖంలో నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది. కోప్పడి ఉంటే నేనూ కోప్పడి ఉండేవాణ్ణి. ఆయన కోప్పడలేదు. వెనక అద్దం మీది బొమ్మల వైపు ఒకసారి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"పోనీలే బేటా. నీకు నమ్మకం లేని బండి నీకొద్దు. పాప చాయ్ తాగిందేమో కనుక్కో."

సువార్త నవ్వుతూ బయటికి వచ్చింది. చేతిలో పొడవాటి ఇత్తడి గరిటె. జైబున్ బీ తన వంటింట్లోది తీసి ఇచ్చిందట, "బండి పెట్టినాక దీంతోనే కలుపు తల్లీ" అని. మా ముఖాలు చూసి సువార్త నవ్వు ఆపేసింది. గరిటె తిరిగి ఇవ్వబోతే ఆ పెద్దామె తీసుకోలేదు. ఇచ్చింది ఇచ్చిందే అంది. నేను మాత్రం ఆ ఇంటి చాయ్ తాగకుండానే వచ్చాను.

బస్సు బనగానపల్లె దాటింది. సువార్త మెల్లగా అంది.

"నేను ఆ బండిలో నిలబడి చూసినానన్నా. కిటికీ నా మోచేతి కాడికి సరిగ్గా ఉన్నింది."

"మోచెయ్యి కొలతేంది నీ తిక్క గాకపోతే. కట్టె చెప్పాల" అన్నాను.

ఆమె గరిటెను కొంగులో చుట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చుంది.

తర్వాత ప్రొద్దుటూరులో ఒక వ్యాన్ చూశాం. కట్టె పెట్టాను. దేవుడి దయ, కట్టె టైరుకూ రేకుకూ మధ్య గీత గీసి కోసిన బండలా కూర్చుంది. వెంట్రుకంత తేడా లేదు. బేరం కూడా సరిగా ఆడకుండా కొనిచ్చాను. సువార్త ఏదో చెప్పబోయింది. "కట్టెకు వచ్చినాక ఇంగేం మాట్లాడొద్దు" అన్నాను.

ఒక పక్క కోయించి కిటికీ పెట్టించాం. కిటికీకి పైకి లేచే రేకు తలుపు. ఆ తలుపును ఎత్తి నిలబెట్టడానికి ఊతం కావాల్సి వస్తే నా వేపకట్టెనే ఇచ్చాను, శుభసూచకంగా. ప్లేట్లు పెట్టే గట్టుకు మాత్రం నా కానుకగా మా యార్డు నుంచే మంచి నల్లబండ కోయించి బిగించాను. చెక్కతో చాలు కదన్నా అని సువార్త అంది. బండల యార్డు వాడి చెల్లెలు చెక్కమీద ప్లేటు పెడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

గండికోటలో మొదటిరోజు అందరం పోయాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సువార్త తెల్లవారకముందే లేచి మిరపకాయలకు వాము కూరి పెట్టుకుంది. పెన్నా లోయ చూసి ఆకలితో వచ్చిన ఒక కుటుంబం మొదటి బేరం. వాళ్ళలో తండ్రి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గట్టు ఆయన నొసటికి వచ్చింది. సువార్త లోపల నడుము సగానికి వంచి, మిద్దె మీద నుంచి పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు ఆయనతో మాట్లాడుతోంది. ఆయన ప్లేటును తలకెత్తుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. సగం బొరుగులు ఆయన జుట్టులో పడ్డాయి.

"ఏమక్కా, బజ్జీ కావాలంటే నిచ్చెన తెచ్చుకోవాల్నా?" అని అడిగాడు పాపం, నవ్వుతూనే.

మధ్యాహ్నానికి సువార్త నడుం పట్టుకుని కింద కూర్చుంది. కూర్చుని, రేకు తలుపు కింద నిలబెట్టిన కట్టెను చూస్తూ అడిగింది.

"అన్నా, ఈ కట్టె కొలత యాడ తీసుకుంటివి?"

"ఇంగ్యాడ? మన యార్డు బండికే."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఆ బండికా? బండలు తోలేకి చాలడంల్యా అని నువ్వే గదన్నా దానికి రెండు పట్టీలు ఎక్కువ ఏపిచ్చింటివి. ఆ పొద్దుటి నుంచి నేను ఎక్కలేకపోతాంటే స్టూలు కూడా నువ్వే తెచ్చిస్తివి."

నిజమే. మా వైపు ప్రతి లోడు వ్యాన్‌కూ బండల బరువు కోసం అదనపు పట్టీలు వేస్తాం. పుట్టినప్పటి నుంచి అట్లాంటివే చూశాం. ఎత్తుగా ఉండటమే వ్యాన్ లక్షణమనుకున్నాను. హుసేన్ సాబు బండిని ఎవరూ దించలేదు. మా బండిని నేనే ఎత్తాను, ఎత్తిన సంగతి నేనే మర్చిపోయాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో కొన్నదీ బండలు తోలిన బండే. అది కట్టెకు సరిపోక ఏమవుతుంది?

"కర్నూల్లోనే యాల చెప్పలేదే?"

"నేను లోపల చాయ్ తాగుతాంటి. బయటికొచ్చేసరికి నువ్వు అయిపోగొట్టింటివి."

సరే, పట్టీలు తీయిద్దాం అంటారా? తీయించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. పట్టీలు తీసిన మర్నాడే, పొయ్యి, సిలిండరు, నీళ్ళ డ్రమ్ము, అన్నిటికీ మించి నా కానుక నల్లబండ, ఈ బరువంతా కలిసి బండిని వెనక్కి కూలేసింది. గండికోట దారిలో మొదటి స్పీడు బ్రేకరు మీదే పొట్ట గీసుకుంది. ఏ గతి పడుతుందని భయపడి కర్నూలు వ్యాన్ వద్దన్నానో సరిగ్గా ఆ గతే నా చేతులతో పట్టించాను. బండ తీసేద్దామంటే దాని చుట్టూ సిమెంటు పోసి బిగించింది కూడా నేనే, కదిపితే కిటికీ మొత్తం ఊడొచ్చేలా ఉంది. పట్టీలు మళ్ళీ వేయించాను.

ఎక్కువ పట్టీలున్న బండి బండల లోడు లేకుండా పోతే ఎట్లా ఎగురుతుందో ఎక్కినవాడికే తెలుసు. నిండుకుండ తొణకదు అన్నవాళ్ళు మా బండిలో పెట్టి చూసి ఉండరు. చివరికి కిటికీ కింద యార్డు బండలతో రెండు మెట్లు కట్టాను. బేరానికి వచ్చినవాళ్ళు మెట్లెక్కి ప్లేటు అందుకోవాలి. అందితే ప్లేటు, అందకపోతే మెట్లు. ముసలివాళ్ళు దండం పెట్టి పక్కకు పోయేవాళ్ళు.

పక్కకు అంటే ఎక్కడికో తెలుసా? కొన్నాళ్ళకు మా పక్కనే ఇంకో వ్యాన్ వచ్చి ఆగింది. ఆత్మకూరు నుంచి వచ్చిన రమణమ్మ అనే ఆవిడ, నల్లమల నన్నారి వేర్లతో షర్బత్తు చేసి అమ్ముతుంది. కిటికీ సరిగ్గా ఆమె మోచేతి దగ్గర. గ్లాసు ఇట్లా జరిపితే చాలు, మనిషి చేతిలోకి పోతుంది. వెనక అద్దం మీద పూలబొమ్మలు, పులిబొమ్మలు. సువార్త చూసింది. చూసి, ఇత్తడి గరిటెతో ఉగ్గాని కలుపుతూ నిలబడింది. ఆమె తిట్టి ఉంటే నాకు ఆ రాత్రి అన్నం సహించేది.

బండి పోవడం ఒక ఎత్తు. ఆ పెద్దాయనను నలుగురిలో అన్న మాట ఇంకొక ఎత్తు. ఫోను చేసి తప్పు ఒప్పుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో. నంబరు నొక్కేవాణ్ణి, మోగకముందే కట్ చేసేవాణ్ణి. రేపు చేద్దాం అనేవాణ్ణి. సిగ్గుపడేవాడికి రేపు అన్నది చాలా పొడుగ్గా ఉంటుంది.

ఒక సెలవురోజు కోట దగ్గర జనం బాగా ఉన్నారు. కారులో నుంచి ఇస్త్రీ చొక్కా, తెల్లగడ్డం దిగడం చూశాను. వెనకే జైబున్ బీ. వెంటనే నాకు మా వ్యాన్ కింద ఏదో బాగుచేయాలని గుర్తొచ్చి కిందికి దూరాను. ఎత్తు వ్యాన్ వల్ల కలిగిన ఒకే ఒక్క లాభం, దాని కింద మనిషి సుఖంగా దాక్కోవచ్చు.

కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ చెప్పులు ముందు నన్నారి వ్యాన్ దగ్గర ఆగాయి. వెనక అద్దం దగ్గర చాలాసేపు ఆగాయి. తర్వాత మా మెట్ల దగ్గరికి వచ్చాయి.

"అరే, నా గరిటె" అంది జైబున్ బీ గొంతు.

"అమ్మా, మీరా. రాండి, మెట్లు చూసుకుని ఎక్కండి" అంది సువార్త.

ఆయన మెట్టెక్కి ఉగ్గాని తిన్నాడు. బాగుందన్నాడు. మెట్టు దిగాడు. చక్రం దగ్గరికి వచ్చి వంగకుండానే అన్నాడు.

"దాసూ, బయటికి రా బేటా. కింద వేడిగా ఉంటాది."

బయటికి వచ్చాను. ఒళ్ళంతా గ్రీజు. ఆయన రేకు తలుపు కింది కట్టెను చూశాడు, టైరు పైన ఖాళీని చూశాడు, రెండిటినీ మళ్ళీ చూశాడు. ఏ మాత్రం నవ్వకుండా అన్నాడు.

"ఈ బండిని ఎవరో ఎత్తినారు. అమ్మినోడు తెలిసే దాచినాడు. ఉగ్గాని అమ్మే బండికి ఇట్లాంటి పని చేస్తారా ఎవరన్నా?"

సువార్త కొంగు నోట్లో కుక్కుకుంది. రమణమ్మ గ్లాసు కింద పెట్టేసి నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"తప్పు నాదే సాబూ. మీ బండి సరిగ్గానే ఉన్నింది. నా కట్టే తప్పు. నన్ను క్షమించండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఈడ చెప్తే ఏం లాభం బేటా? ఆ మాట మా వీధిలో అంటివి. ఎంతమంది తల్లులు నన్ను నమ్మి పిల్లోళ్ళను పంపినారు ఆ వీధిలో. మాట వెనక్కి తీసుకునేదన్నా ఆడనే తీసుకో."

అందులో న్యాయం ఉంది. మర్నాడే కర్నూలు పోయాను. సాబు ఇంటి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, కిరాణా అంగడి దాకా వినబడేలా గొంతెత్తాను.

"అందరూ వినండి. ఆ పొద్దు నేను సాబు బండిని దించినారని అంటి. అది అబద్ధం."

అంగడాయన బయటికి వచ్చాడు. "ఎవరప్పా నువ్వు?"

"కట్టె తెచ్చినాను కదన్నా. మీరు నిలబడి చూసినారు."

"నాకు జ్ఞాపకం లేదే. సాబు బండికి ఏమాయె?"

ఎదురింటామె కూతురి ఊరికి పోయిందట. ఆ రోజు చూసిన మిగతావాళ్ళెవరో నాకూ గుర్తు లేదు, వాళ్ళకూ నేను గుర్తు లేను. ఇంతలో కొత్తవాళ్ళు పోగయ్యారు. ఏమైందో తెలియకపోతే తప్పు ఎట్లా ఒప్పుకోను? అందుకని మొదటి నుంచి మొదలుపెట్టి, కమాను పట్టీలంటే ఏమిటో, తీసేస్తే ఎంత ప్రమాదమో, నేను సాబును ఏమన్నానో అంతా వివరంగా చెప్పాను.

"పిల్లోళ్ళ బండికి సాబు పట్టీలు తీసేసినాడా?" అంది ఒకామె.

"తీయలేదమ్మా. అదే చెప్తాండా."

"తీయకపోతే నువ్వు జమ్మలమడుగు నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి చెప్పేదెందుకు?"

"అంటే ఏదో ఉండాదిలే" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

హుసేన్ సాబు తలుపు తీసి, తలపట్టుకుని, నా చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయాడు.

"బేటా, తెలిసినోళ్ళు నువ్వూ నేనే ఉంటిమి. ఇప్పుడు వీధికంతా తెలిపితివి గదరా."

జైబున్ బీ చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు వద్దన్న చాయే. ఈసారి అడుగుదాకా తాగాను. బయట వీధిలో నా ఉపన్యాసం మీద చర్చ ఇంకా నడుస్తోంది. సాబు కిటికీ మూసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన నన్ను క్షమించాడనే అనుకుంటున్నాను. అడిగే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఊరికి వచ్చి, వ్యాన్ కిటికీ కింద నిలబడి మా చెల్లెలి ఎదుట ప్రమాణానికి సిద్ధమయ్యాను. ఇకమీదట ప్రాణం పోయినా పరాయి వ్యాన్‌ను కొలవను. మా ఇంట్లో ఉన్నదే లోకానికి కొలత అనుకోను. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే చెవిలో ఒప్పుకుంటాను, వీధిలో ఒప్పుకోను. ఇదంతా ఆ వేపకట్టె సాక్షిగా చెబుతున్నానంటూ దాని మీద గట్టిగా చెయ్యి వేశాను. కట్టె జారింది. రేకు తలుపు వచ్చి నా నడినెత్తిన పడింది.

"కట్టె నిజమే చెప్తాది అని నాయన ఊరికే అన్లేదన్నా" అంది సువార్త, గరిటె పక్కన పెట్టి నా నెత్తిన నీళ్ళు చల్లుతూ.